పందెం ఫలితం ఎవరికీ తెలియకూడదు, పద్దు అందరికీ తెలియాలి
మోటారు పందేల సరదా వెనుక కోట్ల లెక్కలు

హంసలదీవి: కృష్ణమ్మ సముద్రంలో కలిసే ఈ సాగర సంగమంలో మాఘ పౌర్ణమి స్నానానికి దివిసీమ, బందరు, గుడివాడ ప్రాంతాల నుంచి ఏటా వేలాదిగా జనం తరలివస్తారు. ఈ తిరునాళ్ళ కోసం ఎవరూ ఎవరితోనూ ఒప్పందం రాసుకోలేదు. అయినా ఏడాది తిరిగేసరికి జనం వస్తారు, అంగళ్ళు వెలుస్తాయి, బండ్లు కదులుతాయి.

ఇదే కృష్ణానదిలో ఎగువన బెజవాడ వద్ద 2018 నవంబరు 16, 17, 18 తేదీలలో మరో వేడుక జరిగింది. అది ప్రపంచస్థాయి మోటారు పడవల పందెం. గంటకు 200 కిలోమీటర్లు దాటి దూసుకుపోయే పడవలను చూడడానికి జనం గట్లమీద కిక్కిరిశారు. ఆ మరుసటి ఏడు పడవలు రాలేదు.

ఆ తరువాత నాలుగేళ్ళకు, 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల పందెం జరిగింది. ఇక్కడ మాఘ పౌర్ణమి స్నానాలు ముగిసి అప్పటికి ఆరు రోజులే. 2024లో హైదరాబాదులో రెండో పందెం జరగాల్సి ఉండగా రద్దయింది. డబ్బు విషయం శాసనసభను దాటి కేసుల వరకూ వెళ్ళింది.

ఇంతకీ ఈ పందేలలో జనానికి రుచించేది ఏమిటి? ఆ రుచికి అయ్యే ఖర్చు ఎవరిది? కోట్లు పోసిన పందెం ఒక్క ఏటితో ఆగిపోతే, రూపాయి రూపాయి చందాతో నడిచే ఊరి పోటీ ఏళ్ళతరబడి ఎలా నిలుస్తోంది? ఈ ప్రశ్నలు పల్లెవాసులకూ అక్కరలేనివి కావు.

అందరికీ ఒకే బండ

పందెం సరదా ఎక్కడుందో తెలుసుకోవడానికి హైదరాబాదు దాకా పోనక్కరలేదు. సంక్రాంతికో, శివరాత్రికో జరిగే ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీ చూసినవారికి అది తెలిసిన విషయమే. ఎడ్లను పళ్ళనుబట్టి విభాగాలు చేస్తారు. పాలపళ్ళ గిత్తలకు ఒక బండ, రెండు పళ్ళవాటికి మరో బండ, నాలుగు, ఆరు పళ్ళ జతలకు ఇంకా బరువైన బండ. ఒక విభాగంలో దిగిన జతలన్నిటికీ బండ ఒకటే, బరి ఒకటే, ఇచ్చే సమయమూ ఒకటే. ఆ సమయంలో ఏ జత ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క.

ఒక జతకు తేలిక బండ, మరో జతకు బరువు బండ కడితే చూసేవారు ఉండరు. ప్రతి పోటీలోనూ ఒకే జత గెలుస్తుందని ముందే తెలిసినా ఉండరు. చివరి నిమిషంలో, చివరి పది అడుగులలో తారుమారయ్యే పోటీని గురించే పది ఊళ్ళలో చెప్పుకుంటారు. కార్ల పందెమైనా, పడవల పందెమైనా దీనికి భిన్నం కాదు.

హైదరాబాదులో జరిగిందేమిటి?

ఫార్ములా ఈ అనే ఈ విద్యుత్ కార్ల పందేలు 2014లో చైనాలోని బీజింగ్‌లో మొదలయ్యాయి. మన దేశానికి చెందిన మహీంద్రా జట్టు తొలి ఏడాది నుంచీ పాల్గొంటోంది. హైదరాబాదులో జరిగింది మన దేశంలో తొలి ఫార్ములా ఈ పందెం. సచివాలయం, లుంబినీ పార్కు, ఎన్టీఆర్ మార్గ్‌ల మీదుగా సుమారు 2.8 కిలోమీటర్ల బాట వేశారు. 11 జట్లు, 22 కార్లు బరిలో దిగాయి.

ఈ పందెంలో అందరికీ కారు చట్రం ఒకటే, బ్యాటరీ ఒకటే. మోటారు, దాన్ని నడిపించే సరంజామా మాత్రం వేరువేరుగా ఉండవచ్చు. అసలు చిక్కు బ్యాటరీలోనే ఉంది. మొదటి నుంచి చివరిదాకా పూర్తి వేగంతో తోలితే చార్జి పందెం ముగిసేదాకా రాదు. అందువల్ల ఎక్కడ తోలాలో, ఎక్కడ వదలాలో డ్రైవరు లెక్క చూసుకోవాలి. బ్రేకు వేసినప్పుడు కొంత శక్తి తిరిగి బ్యాటరీకి చేరుతుంది. వంతుకు వచ్చిన నీటితోనే మడులన్నీ తడుపుకోవలసిన చివరి ఆయకట్టు రైతు పరిస్థితి వంటిదే ఇది. ముందు మడికే నీరంతా పెడితే చివరి మడి ఎండుతుంది.

పైగా బాటలో ఒకచోట గుర్తు వేసి ఉంటుంది. అడ్డదారిలో ఆ గుర్తు మీదుగా పోయిన కారుకు కొద్ది నిమిషాలపాటు అదనపు బలం వస్తుంది. కానీ ఆ దారిన పోతే కాస్త సమయం పోతుంది, ఒకటి రెండు స్థానాలు కూడా పోవచ్చు. ఎప్పుడు పోవాలన్నది డ్రైవరు తెలివికి పరీక్ష.

ఆ రోజు అందరికంటె ముందు నిలిచి బయలుదేరిన న్యూజిలాండ్ డ్రైవరు మిచ్ ఎవాన్స్‌ను అతని సొంత జట్టు సహచరుడు శామ్ బర్డ్ కారే ఢీకొంది. ఇద్దరూ పోటీకి దూరమయ్యారు. ఫ్రాన్స్ దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ ముందుకు వచ్చాడు. వెనుక నిక్ కాసిడీ తరుముకొస్తున్నాడు. వెర్న్ బ్యాటరీలో చార్జి అడుగంటుతోంది, కాసిడీ వద్ద కాస్త ఎక్కువే ఉంది. అయినా దారి ఇవ్వకుండా వెర్న్ గీత దాటాడు. ఇద్దరి మధ్య తేడా అర సెకను కూడా లేదు. మూడోవాడుగా గీత దాటిన బ్యూమీ అనుమతించిన దానికంటె ఎక్కువ శక్తి వాడినట్లు తేలడంతో శిక్ష పడింది. మూడో స్థానం పోర్చుగల్ డ్రైవరు డ కోస్టాకు దక్కింది. తెల్లారేదాకా చెప్పుకున్నా తరగని పందెం అది.

ఒక రోజు కాదు, ఏడాది ఆట

అయితే ఈ పందేలలో ఒక్క రోజు గెలుపుతో పని తీరదు. ఏడాది పొడుగునా దేశదేశాలలో పందేలు జరుగుతాయి. మొదటి స్థానానికి 25 పాయింట్లు, రెండో స్థానానికి 18, మూడోదానికి 15. ఇలా తగ్గుతూ పదో స్థానానికి ఒక పాయింటు ఇస్తారు. అన్నీ కూడగా ఎక్కువ వచ్చినవాడే ఆ ఏటి విజేత.

హైదరాబాదులో గెలిచిన వెర్న్‌కు ఆ ఏడాది కిరీటం రాలేదు. అది జేక్ డెన్నిస్ అనే ఇంగ్లీషు డ్రైవరుకు దక్కింది. ఆ డెన్నిస్‌కు హైదరాబాదులో ఒక్క పాయింటు కూడా రాకపోవడం గమనార్హం. 16 పందేలలో కొన్ని పోయినా, తక్కినవాటిలో నిలకడగా కూడబెట్టినవాడు నెగ్గాడు. ఒక కారు పంట పోయినా మరో కారుతో నిలదొక్కుకునే రైతుకు ఈ లెక్క వేరే చెప్పనక్కరలేదు.

పెట్రోలు కార్ల పెద్ద పందెమైన ఫార్ములా వన్‌లోనూ ఇదే నీతి. 2021లో వెర్‌స్టాపెన్, హామిల్టన్ చివరి పందేనికి సరిసమానంగా 369.5 పాయింట్లతో వచ్చారు. ఆఖరి చుట్టులో వెర్‌స్టాపెన్ గెలిచాడు. ప్రపంచమంతా ఊపిరి బిగబట్టి చూసింది. 2023లో 22 పందేలకుగాను అదే వెర్‌స్టాపెన్ 19 గెలిచాడు. అతని ప్రతిభను మెచ్చుకోనివారు లేరు, కానీ పందెం చప్పబడిందని పెదవి విరిచినవారు చాలామంది. తిరిగి 2025లో 24 పందేలు ముగిసేసరికి నోరిస్‌కు 423, వెర్‌స్టాపెన్‌కు 421 పాయింట్లు వచ్చాయి. ఏడాదంతా తిరిగినా రెండే రెండు పాయింట్ల తేడా! అటువంటి ఏడాదినే జనం మరిచిపోరు.

డబ్బు ఎక్కడిది?

పందెం చప్పబడడానికి ముఖ్య కారణం డబ్బు. డబ్బున్న జట్టు ఎక్కువ ప్రయోగాలు చేస్తుంది, మంచి కారు కడుతుంది, గెలుస్తుంది. గెలిచినవారికి మరింత డబ్బు వస్తుంది. ఉన్నవాడి చేనికే నీరు పారినట్లు. దీనిని అరికట్టడానికి ఫార్ములా వన్‌లో 2021 నుంచి ఖర్చుకు కట్టడి పెట్టారు. మొదటి ఏడు ఒక జట్టు ఖర్చు 14.5 కోట్ల డాలర్లు దాటరాదన్నారు. డ్రైవర్ల జీతాలు ఈ లెక్కలోకి రావు. ముందున్న జట్టుకు గాలి ప్రయోగాల సమయం తక్కువ, వెనుకబడిన జట్టుకు ఎక్కువ అన్న నిబంధన కూడా పెట్టారు.

ఫార్ములా వన్ యాజమాన్యానికి 2023లో సుమారు 320 కోట్ల డాలర్ల రాబడి వచ్చింది. మన లెక్కలో 26 వేల కోట్ల రూపాయల పైమాటే. అందులో 120 కోట్ల డాలర్లకు పైగా జట్లకు పంచారు. ఈ రాబడిలో అధికభాగం మూడు దారుల నుంచి వస్తుంది. పందెం తమ ఊళ్ళో జరగాలని కోరుకునేవారు చెల్లించే రుసుము ఒకటి. టెలివిజన్ ప్రసార హక్కులు రెండోది. కార్ల మీద, బాట వెంట పేర్లు రాయించుకునే కంపెనీల సొమ్ము మూడోది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. రుసుము తీసుకున్న యాజమాన్యానికి జనం వచ్చినా రాకపోయినా సొమ్ము ముట్టుతుంది. బాట వేయించడం, టిక్కెట్లు అమ్మడం, నష్టమొస్తే భరించడం సాధారణంగా స్థానిక నిర్వాహకుడి వంతు. ఆ నిర్వాహకుడు తప్పుకుంటే భారం ఎవరి నెత్తిన పడుతుందన్నదే ప్రశ్న.

హైదరాబాదు పద్దు

హైదరాబాదు పందేనికి 2022 అక్టోబరులో ఒప్పందం కుదిరింది. అందులో విదేశీ యాజమాన్యం, తెలంగాణ పురపాలక శాఖ, ఒక ప్రైవేటు నిర్వాహక సంస్థ ఉన్నాయి. మొదటి పందెం ముగిశాక ప్రైవేటు సంస్థ తప్పుకుంది. 2023 అక్టోబరులో ప్రభుత్వమే రంగంలోకి దిగింది. హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ నుంచి సొమ్ము విదేశీ యాజమాన్యానికి వెళ్ళింది. పన్నులతో సహా మొత్తం సుమారు 55 కోట్ల రూపాయలని తరువాత వెల్లడయింది.

ఆ డిసెంబరులో ప్రభుత్వం మారింది. పందెం వల్ల ప్రజలకు ప్రయోజనం లేదని కొత్త ప్రభుత్వం భావించింది. 2024 జనవరి 5న యాజమాన్యం పందెం రద్దు ప్రకటించింది. తగిన అనుమతులు లేకుండా, ఎన్నికల నియమావళి అమలులో ఉండగా సొమ్ము చెల్లించారన్న ఆరోపణపై అవినీతి నిరోధక శాఖ 2024 డిసెంబరులో కేసు నమోదు చేసింది. అప్పటి పురపాలక మంత్రి కె.టి. రామారావు ఆరోపణలను ఖండించారు. పందెం హైదరాబాదు చేజారకుండా చూడడానికే సొమ్ము చెల్లించామని, తొలి పందెం వల్ల నగరానికి సుమారు 700 కోట్ల రూపాయల మేలు జరిగిందని ఒక సంస్థ అంచనా వేసిందని ఆయన వాదన. తప్పొప్పులు తేల్చవలసింది న్యాయస్థానాలు.

కానీ రెండు మాటలు ఎవరైనా అనుకోవచ్చు. 700 కోట్ల మేలు అన్నది ఖజానాకు వచ్చిన రాబడి కాదు. హోటళ్ళు, ప్రయాణాలు, ప్రచారం అన్నీ కలిపి కట్టిన అంచనా. చెల్లించిన 55 కోట్లు మాత్రం రొక్కం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచడం కష్టం. రెండో మాట: ఒక మురుగు కాల్వ పూడిక తీయించాలన్నా అంచనా, మంజూరు, టెండరు కావాలని దివిసీమ రైతుకు తెలుసు. పందేనికి పెట్టే ప్రజల సొమ్ముకు కూడా అంతకు తక్కువ నియమం ఉండరాదు.

ఆగిపోయినవి మరికొన్ని

ఇది హైదరాబాదు ఒక్కదాని కథ కాదు. ఢిల్లీ సమీపంలోని గ్రేటర్ నోయిడాలో 2011 నుంచి 2013 వరకు మూడేళ్ళు ఫార్ములా వన్ జరిగింది. మూడుసార్లూ జర్మనీ డ్రైవరు వెటెలే గెలిచాడు. పన్నుల తగాదా మొదలైంది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఇది ఆట కాదు, వినోదం అని పన్ను అడిగింది. 2013 తరువాత ఆ పందెం జరగలేదు. అదే బాట మీద 2023 సెప్టెంబరులో జరిగిన ప్రపంచ మోటారు సైకిళ్ళ పందెం కూడా 2024లో జరగలేదు.

ఊరి పోటీలో నేర్చుకోదగ్గది

బండలాగుడు పోటీకి కూడా డబ్బు కావాలి. మొదటి బహుమతి ఫలానావారు, రెండో బహుమతి ఫలానావారు అని మైకులో చెబుతారు. ఎవరెంత ఇచ్చారో ఊరంతా వింటుంది. ఒక దాత ఈ ఏడు వెనక్కు తగ్గితే మరొకరు ముందుకు వస్తారు. ఎడ్ల యజమానికి బహుమతి సొమ్ముతో దాణా ఖర్చు కూడా రాకపోవచ్చు. అయినా అతను పెట్టేది తన సొమ్ము. పోయినా అతనిదే, పేరు వచ్చినా అతనిదే.

మోటారు పందేలు వద్దనడానికి ఇది కారణం కాదు. బెజవాడలో పడవలు చూసి, హైదరాబాదులో కార్లు చూసి కేరింతలు కొట్టిన కుర్రకారు ఆనందం నిజమైనది. అటువంటి పందేలు మన ప్రాంతానికి మళ్ళీ రావాలని కోరుకోవడంలో తప్పు లేదు. వస్తే ఒక్క ఏడుతో పోకుండా ఏటేటా రావాలి. అందుకు మొదటి ఏడు బాట వేయడానికి ముందే ఎవరు ఎంత పెడతారు, నష్టమొస్తే ఎవరు భరిస్తారు, నిర్వాహకుడు తప్పుకుంటే ఏమవుతుంది అన్నవి తేల్చి బహిరంగంగా ప్రకటించాలి.

ఎవరు గెలుస్తారో ఆఖరి చుట్టుదాకా తెలియకపోతే పందెం రక్తి కడుతుంది. ఎవరు చెల్లిస్తారో చివరిదాకా తెలియకపోతే మాత్రం పందేనికి మరుసటి ఏడు ఉండదు.