వడ్ల కబురు చీటీలు చెబితే...

సూర్యాపేట: వడ్ల కబురు లేని రోజు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో వుండదు. అలాంటి కబుర్లు మూడు తీసుకుందాం. "సూర్యాపేట మార్కెట్టులో వడ్లు కొంటున్నారు." "కోదాడ రోడ్డు మీద వడ్లు ఆరబోస్తున్నారు." "మిర్యాలగూడ మిల్లులో వడ్లు ఆడిస్తున్నారు."

ఏ మాట తర్వాత ఏ మాట వచ్చిందో చూసి చీటీలు రాయాలి. "వడ్లు" తర్వాత మూడు వేర్వేరు మాటలు వచ్చాయి గనుక అక్కడ మూడు చీటీలు. ఏదో ఒక వూరి పేరుతో మొదలుపెట్టి, "వడ్లు" దగ్గరకు రాగానే కళ్లు మూసుకుని ఒక చీటీ తీయాలి. "కోదాడ రోడ్డు మీద వడ్లు ఆడిస్తున్నారు" అని రావచ్చు. రోడ్డు మీద మిల్లు ఎక్కడిది? ఇలా మొత్తం 9 వాక్యాలు పుడతాయి. వాటిలో 6 ఎవరూ చెప్పనివి. వ్యాకరణంలో మాత్రం ఒక్క తప్పూ దొరకదు.

దీనినే మార్కోవ్ గొలుసు అంటారు. గొలుసులో ఒక లంకె తన పక్క లంకెనే పట్టుకున్నట్లు, ఇందులో ప్రతి మాటా తన ముందు మాటను మాత్రమే చూసుకుంటుంది. రష్యా గణిత శాస్త్రజ్ఞుడు ఆంద్రే మార్కోవ్ 1913లో పుష్కిన్ కావ్యం "యెవ్గేని అనేగిన్" నుంచి 20,000 అక్షరాలు తీసుకుని లెక్క కట్టారు. అచ్చు తర్వాత మళ్లీ అచ్చు వచ్చింది నూటికి 13 సార్లే. హల్లు తర్వాత అచ్చు వచ్చింది నూటికి 66 సార్లు. అంటే ముందు అక్షరాన్ని బట్టి తర్వాతి అక్షరాన్ని కొంతవరకు ఊహించవచ్చునన్నమాట. 1948లో అమెరికాలో క్లాడ్ షానన్ ఇదే దారిలో ఇంగ్లీషు వాక్యాలను పుట్టించి చూపారు.

సెల్‌ఫోనులో ఒక మాట కొట్టగానే తర్వాతి మాట అందించే ఏర్పాటు ఈ ఆలోచన మీదనే పెరిగింది. అడిగిన ప్రశ్నకు పేజీలకొద్దీ జవాబు రాసే నేటి యంత్రాలు ఒక్క మాటతో ఆగవు, వెనకటి మాటలెన్నింటినో చూస్తాయి. అందుకే వాటి రాత నమ్మించేలా వుంటుంది. అయినా అవి ఎంచేది తర్వాత రాదగిన మాటనే. పొలం గట్టు మీదకు వచ్చి పైరును చూసి రాయవు.

రైతుకు చిక్కు ఇక్కడే. ఎకరానికి ఎంత మందు కొట్టాలో చెప్పే వాక్యంలో అంకె మారిపోయినా వాక్యం సాఫీగానే వుంటుంది. మాడిపోయేది పైరు. కనుక మందు డబ్బా మీద రాసింది చదివి, మండల వ్యవసాయాధికారిని అడిగిన తర్వాతనే పిచికారీ చేయడం మేలు.

బడిపిల్లలకు ఈ చీటీలాట నేర్పవచ్చు. పాత పత్రిక, కత్తెర వుంటే చాలు. సాఫీగా వున్న మాటకూ, నిజమైన మాటకూ తేడా వాళ్లకు చేతితో చేసి తెలుస్తుంది.