గటక, అంబలి, గంజి

ధాన్యమును తినుటకు మానవుడు కనుగొనిన మార్గములలో మిక్కిలి సులభమైనది దానిని నీటిలో ఉడికించుట. రొట్టెకు మెత్తని పిండియు పెనమును కావలెను. గంజికి ఒక కుండయు, పిడికెడు గింజలును, నీరును, నిప్పును ఉన్న చాలును. అందుచేతనే ధాన్యము పండు దేశములలో ఇంచుమించు అన్నిటను ఏదో యొక విధమైన జావ కలదు. దాని పేర్లను పరిశీలించినచో ఆయా ప్రజల బ్రతుకుతెరువు తెలియగలదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణములు పూర్వము వరంగల్లు జిల్లాలోనివి. 2016వ సంవత్సరమున అవి వేర్వేరు జిల్లాలకు కేంద్రములైనవి. ఈ ప్రాంతమున చెరువుల క్రింద వరి పండును. వాననే నమ్ముకొనిన చెలకలలో జొన్నలు, మక్కలు పండును. చెరువు నీరు అందని పేదవానికి పూర్వము వరియన్నము పండుగనాటి భోజనముగా ఉండెడిది. దినదినము కడుపు నింపినది జొన్నయే. ఆ జొన్ననుండి పుట్టినవే గటకయు అంబలియు.

గటక చేయు విధము ఇట్టిది. జొన్నలను కొలదిగా తడిపి, రోట దంచి, పొట్టు చెరిగి, ఇసుర్రాయిలో రవ్వగా విసరుదురు. ఎసరు మరుగునపుడు ఆ రవ్వను పోసి, అడుగంటకుండ తెడ్డుతో కలియబెట్టుదురు. రవ్వ ఉడికి చిక్కబడగనే గటక సిద్ధమగును. దీనిని గడ్క అనియు పలుకుదురు. మక్కల రవ్వతో చేసినది మక్క గటక. మజ్జిగను ఈ ప్రాంతమున సల్ల అందురు. సల్లతోనో, పచ్చిపులుసుతోనో, తొక్కుతోనో గటకను తిందురు.

అంబలి దీనికంటె పలుచనిది. తినునది కాదు, త్రాగునది. జొన్నపిండినిగాని తైదపిండినిగాని రాత్రి నీటిలో కలిపి మట్టికుండలో ఉంచుదురు. ఇతర ప్రాంతములలో రాగులు, చోళ్లు అనబడు గింజలే ఇచ్చటి తైదలు. తెల్లవారునప్పటికి కంటికి కనబడని సూక్ష్మజీవులు ఆ పిండిని పులియజేయును. దానిని కాచి, చల్లార్చి, ఉప్పును సల్లయు కలుపుదురు. ఉల్లిగడ్డ కొరుకుచు అంబలి త్రాగి చేనికి పోయిన కూలివానికి ఎండలో అదియే దప్పియు ఆకలియు తీర్చునది.

గంజి అనగా సామాన్యముగా అన్నము వార్చిన నీరు. జావ అనగా పిండిని పలుచగా కాచిన పానీయము. సంస్కృతమున యవలనగా బార్లీ గింజలు; వానితో కాచినది యవాగువు. పాళీ భాషలో అదియే యాగు. భిక్షువులు దానిని స్వీకరింపవచ్చునని బుద్ధుడు అనుమతించి, దానివలని పది ప్రయోజనములను చెప్పినట్లు బౌద్ధుల వినయపిటకమున కలదు. తెలుగు జావ ఈ యవాగు శబ్దమునకు సంబంధించినదని భాషావేత్తల తలంపు. యవలు పోయి జొన్నలు, తైదలు వచ్చినను పేరు మాత్రము నిలిచినది.

గంజి శబ్దము మరింత దూరము ప్రయాణము చేసినది. తెలుగు, కన్నడములలో గంజి అనబడునదే తమిళమున కంజి. 1498లో పోర్చుగీసువారు కేరళ తీరమునకు వచ్చిరి. వారు ఈ మాటను తమ భాషలో చేర్చుకొనిరి. నేటికిని పోర్చుగల్, బ్రెజిల్ దేశములలో రోగులకిచ్చు కోడిమాంసపు పులుసునకు కాంజ అని పేరు. ఆంగ్లేయుల నోట అది కంజీ అయినది. చైనావారు త్రాగు బియ్యపు జావను వారి భాషలో ఝౌ అందురు. ఆంగ్లమున దానికి కూడ కంజీ అనియే పేరు. ఆంగ్లేయుల కాలమున ఇచ్చటి సైనికుల చెరసాలను కంజీ హౌస్ అని పిలిచెడివారు, అచ్చటి ఖైదీలకు గంజియే ఆహారమగుటచేత.

ఆంగ్లేయుల సొంత జావకు పారిజ్ అని పేరు. కుండలో ఉడికినది అను అర్థముగల పాటిజ్ అను మాట పదునారవ శతాబ్దమున మారి పారిజ్ అయినది. మొదట అది కూరలతో కాచిన పులుసు. పిమ్మట ఓట్లతో కాచిన జావ. 1755లో శామ్యూల్ జాన్సన్ ప్రకటించిన నిఘంటువులో, ఓట్లు ఇంగ్లండులో గుఱ్ఱములకు పెట్టు ధాన్యమనియు, స్కాట్లండులో ప్రజలను పోషించు ధాన్యమనియు పరిహాసముగా వ్రాయబడినది. పేదవాని కుండను చూచి నవ్వుట అన్ని దేశములందును ఉన్నదే.

తెలుగునాటను అట్లే జరిగినది. అంబలి త్రాగేవాడికి మీసాలెత్తేవాడొకడు అను సామెతలో లేమితోడి ఆడంబరమునకు గుర్తుగా నిలిచినది అంబలియే. 1983లో కిలో బియ్యము రెండు రూపాయలకు లభించునట్లు ప్రభుత్వము ఏర్పాటు చేసినది. పేదల యింట వరియన్నము నిత్యభోజనమగుటకు అది తోడ్పడినది. అది సంతోషింపదగిన విషయమే. కాని గటక తినువాడు బీదవాడను తలంపు కూడ బలపడినది. కుండ పోగా తెడ్డు పోవును. తెడ్డుతో దాని పేరును పోవును. ఇట్టి నష్టమును గుర్తించియే ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వ్యవసాయ పదములతో మాండలిక వృత్తిపదకోశమును వెలువరించినది.

చిన్నచూపు చూడబడిన ఆ ధాన్యముల విలువను నేడు శాస్త్రము చాటుచున్నది. ఎముకలకు బలమిచ్చు కాల్షియము 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించియున్నది; అంతే బియ్యములో పది మిల్లీగ్రాముల ప్రాంతమున మాత్రమే ఉన్నది. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ఆ యేడే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో బాలబాలికలకు రాగిజావ ఇచ్చుట ఆరంభమైనది.

ధాన్యమును మరల విత్తవచ్చును. మరచిన మాటను మరల మొలిపించుట కష్టము. గటకను కలిపిన చేతులు, ఆ పనికి సంబంధించిన ప్రతి మాటను ఎరిగిన అవ్వలు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెలలో ఇంకను ఉన్నారు. వారు చెప్పుచుండగనే విని వ్రాసికొనుట చదువుకొను పిల్లలకు తగిన పని.