నాలుగెకరాలు, ఒక సంతకం: ఫ్యామిలీ లా చెప్పేది, చెప్పనిది

మా పెద్దమ్మ కూతురు ఎల్‌ఎల్‌బీ చదువుతోంది. మాదాపూర్‌లో మేమిద్దరం ఒకే రూమ్‌లో ఉంటాం కాబట్టి తన ఫ్యామిలీ లా పుస్తకం నేనూ చాలాసార్లు తిరగేశాను. పెళ్లి, విడాకులు, దత్తత, ఆస్తి అన్నీ అందులోనే ఉంటాయి. మన సీఎస్‌ఈ వాళ్లకి సెక్షన్లు అచ్చం ఇఫ్-ఎల్స్ లాగే కనిపిస్తాయి. కానీ ఆ కండిషన్లు ఎవరి జీవితం మీద రన్ అవుతున్నాయో తెలియాలంటే పుస్తకం మూసి కిటికీలోంచి చూడాలి.

1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పుడు ఈ చుట్టుపక్కల ఎక్కువగా రాళ్లు, పొలాలే. తర్వాత ఎకరం రేటు కోట్లకి వెళ్లింది. అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ప్రతి ఇంట్లోకీ వచ్చింది: ఆడపిల్లకి వాటా ఉందా?

పాత పద్ధతి మితాక్షరది. పూర్వీకుల ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే వాటా, కూతురికి లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం దీన్ని సగమే మార్చింది. లెక్క చూడండి. నాలుగెకరాలు, నాన్న, ఒక కొడుకు, ఒక కూతురు. అమ్మ ముందే పోయిందనుకుందాం. నాన్న వీలునామా రాయకుండా చనిపోతే ముందు నాన్నకి రెండు, కొడుక్కి రెండు అని విడదీస్తారు. తర్వాత నాన్న రెండెకరాల్ని పిల్లలిద్దరికీ పంచుతారు. కొడుక్కి మొత్తం మూడు, కూతురికి ఒకటి. సమానత్వం అని చెప్పిన చట్టంలోనే మూడుకి ఒకటి!

ఇక్కడే మన రాష్ట్రం గొప్పగా చెప్పుకోవాల్సిన విషయం ఉంది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. కేరళ 1975 చట్టంతో ఉమ్మడి కుటుంబ ఆస్తి పద్ధతినే తీసేసింది కానీ, కూతురిని కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటాదారుని చేసింది మాత్రం ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశే. పై లెక్కలో ఇప్పుడు ఇద్దరికీ రెండేసి ఎకరాలు. కాకపోతే ఒక కండిషన్ పెట్టారు. ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకి ఇది వర్తించదు.

ఈ ఒక్క లైను మా ఇంటిని రెండు ముక్కలు చేసింది. మా పెద్ద మేనత్త పెళ్లి 1984లో, చిన్న మేనత్తది 1991లో. ఒకే తల్లి పిల్లలు, ఒకే పొలం. ఒకరికి హక్కు ఉంది, ఇంకొకరికి లేదు. 2005 సెప్టెంబర్ 9న కేంద్ర సవరణ వచ్చాక పెళ్లి కండిషన్ పోయింది, పెద్దత్తమ్మకి కూడా హక్కు వచ్చింది. అయితే ఈ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. 2016లో తాతయ్య ఉండగానే శంకర్‌పల్లి వైపు పొలం అమ్మారు. ఇద్దరత్తలూ హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టారు. పెద్దత్తమ్మ అది ఉత్త ఫార్మాలిటీ అనుకుంది. చిన్నత్తమ్మకి మాత్రం అన్నీ తెలుసు. ఎందుకు పెట్టావని అడిగితే, "కోర్టుకి పోతే బతుకమ్మకి ఎవరింటికి పోవాలె బిడ్డా?" అంది.

దీనికి ఏ సెక్షన్‌లోనూ జవాబు లేదు. అక్క చెప్పేదేంటంటే, క్లాసులో సోషల్ కాంటెక్స్ట్ అని రాసుకునేది ఇదే. కట్నం ఇచ్చాం కదా, పసుపు కుంకుమ కింద పెట్టాం కదా అంటారు. కట్నం ఇస్తే వాటా పోతుందని చట్టంలో ఎక్కడా లేదు. అసలు కట్నమే 1961 నుంచి నేరం. నేరం చేశాం కాబట్టి వాటా ఇవ్వం అన్నట్టుంది లాజిక్.

ఇదంతా హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులకే. ముస్లింలకి, క్రైస్తవులకి వేరే చట్టాలు ఉన్నాయి.

2005 సవరణ మీద కూడా చాలా గొడవ నడిచింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా వద్దా అని. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు అక్కర్లేదని తేల్చింది. హక్కు పుట్టుకతో వచ్చింది కాబట్టి తండ్రి ఎప్పుడు చనిపోయాడన్నది అడ్డు కాదు. అయితే 2004 డిసెంబర్ 20కి ముందే చట్టప్రకారం పంపకం అయిపోయి ఉంటే దాన్ని తిరగదోడలేరు. ఇంకో దారి కూడా తెరిచే ఉంది. తండ్రి సొంతంగా సంపాదించిన ఆస్తినీ, ఉమ్మడి ఆస్తిలో తన వాటానీ వీలునామాతో కొడుక్కే రాసేయొచ్చు. నాకైతే ఇది బ్యాక్‌డోర్ లాగే అనిపిస్తుంది.

రేపు ప్లేస్‌మెంట్ వచ్చి కొండాపూర్‌లోనో తెల్లాపూర్‌లోనో ఫ్లాట్ కొంటే, బ్యాంకు వాళ్లు లింక్ డాక్యుమెంట్లు అడుగుతారు. వాటిని మీరు కూడా ఒకసారి చదవండి. ఆ నేల ఒకప్పుడు ఏదో కుటుంబం పొలమే అయ్యుంటుంది. ఆ ఇంటి ఆడపిల్లల పేర్లు ఉన్నాయా, సంతకాలో వేలిముద్రలో ఉన్నాయా చూడండి. లేకపోతే వాళ్లలో ఎవరైనా వాటా కోసం దావా వేయొచ్చు, అందులో మీ ఫ్లాట్ కూడా ఇరుక్కోవచ్చు.