సీసాలో రాళ్లు, ల్యాబ్‌కు సంచి

కడుపునొప్పని స్కాన్ తీయించుకుంటే గాల్‌బ్లాడర్‌లో, అంటే పిత్తాశయంలో, రాళ్లున్నాయని తేలుతుంది. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికితే ఇంకో మాట కనిపిస్తుంది: పిత్తాశయ క్యాన్సర్ వచ్చినవారిలో నూటికి 70 నుంచి 90 మందికి రాళ్లుంటాయని. ఇక ఆ రాత్రి నిద్ర పట్టదు.

ఆ లెక్కను అటువైపు నుంచీ చూడాలి. రాళ్లున్న నూరుమందిలో క్యాన్సర్ దాకా వెళ్లేది ఒకరో ఇద్దరో, మహా అయితే ముగ్గురు. చాలాచోట్ల అంతకన్నా తక్కువే. రెండు లెక్కలూ నిజమే. రాళ్లు ఎందరికో ఉంటాయి, ఈ క్యాన్సర్ మాత్రం అరుదు.

రాయి క్యాన్సర్‌గా మారదు. పిత్తాశయం లోపలి పొరను ఏళ్ల తరబడి ఒరుసుకుంటూ ఉంటుంది. వాపు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. దెబ్బతిన్న చోటల్లా శరీరం కొత్త కణాలను పుట్టిస్తుంది. అలా పదేపదే జరిగేకొద్దీ కణాల తీరు మారి, జన్యువుల్లో లోపాలు పోగుపడతాయి. ఇది పదిహేనేళ్లో, ఇంకా ఎక్కువో పట్టే వ్యవహారం. 3 సెంటీమీటర్లు మించిన రాయి ఉంటే, చిన్న రాళ్లవారికన్నా ముప్పు పది రెట్ల దాకా ఉండొచ్చని 1980లలోనే అధ్యయనాలు చెప్పాయి. టైఫాయిడ్ క్రిమి ఈ రాళ్ల మీద పొరలా అతుక్కుని ఏళ్లపాటు తిష్ఠ వేయగలదు. అదీ ముప్పును పెంచేదే.

అయితే రాళ్లొక్కటే కారణమైతే అన్ని ప్రాంతాల్లోనూ ఈ జబ్బు ఒకేలా ఉండాలి. ఉండదు. చిలీ, బొలీవియాలలో ఎక్కువ. మన దేశంలో ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో ఎక్కువ, దక్షిణాదిలో బాగా తక్కువ. గంగా మైదానపు నీటిలోని ఆర్సెనిక్‌ను, కల్తీ ఆవనూనెను పరిశోధకులు అనుమానిస్తున్నారు. తీర్పు ఇంకా రాలేదు. అందుకే ఆపరేషన్ విషయంలో పాట్నాలో డాక్టరు చూపే తొందరను గుంటూరులో వెతకడం సరికాదని నా అభిప్రాయం. చిలీ ప్రభుత్వమైతే 2006 నుంచి, రాళ్లతో బాధపడుతున్న 35–49 ఏళ్లవారికి క్యాన్సర్ నివారణ కోసమే ఆపరేషన్ హామీ ఇస్తోంది.

ఏ బాధా పెట్టని రాళ్లను మామూలుగా అలాగే వదిలేస్తారు. నొప్పి వస్తుంటే తీసేస్తారు. రాయి మరీ పెద్దదైనా, పక్కన సెంటీమీటరు దాటిన పాలిప్ (లోపలి పొర మీద పెరిగే కండ) ఉన్నా, గోడ గట్టిపడి సున్నం పేరుకున్నా నొప్పి లేకున్నా సర్జన్‌తో మాట్లాడాలి. ఎందుకంటే పిత్తాశయం గోడ పల్చన, పక్కనే కాలేయం. కామెర్లు కనిపించేసరికి క్యాన్సర్ చాలాసార్లు గోడ దాటిపోయి ఉంటుంది.

ఆపరేషనయ్యాక రాళ్లను చిన్న సీసాలో వేసి ఇస్తారు, బంధువులంతా వాటిని వింతగా చూస్తారు. అసలు చూడాల్సింది ల్యాబ్‌కు వెళ్లిన పిత్తాశయపు సంచి బయాప్సీ రిపోర్టు. రాళ్ల కోసమే తీసిన పిత్తాశయాల్లో అరుదుగా, సుమారు నూటికో రెండువందలకో ఒకదానిలో, ఎవరూ ఊహించని క్యాన్సర్ బయటపడుతుంది. అది లోపలి పొరలోనే ఉంటే జరిగిన ఆపరేషనే సాధారణంగా సరిపోతుంది. కండర పొరకు చేరితే కాలేయంలో కొంత భాగాన్ని, చుట్టుపక్కల లింఫ్ గ్రంథులనూ తీయడానికి మళ్లీ కత్తి పట్టాల్సి రావచ్చు.