రేకు మాటున చివికెడి కఱ్ఱ

రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికా సంయుక్త రాష్ట్రములలో, కారు వెనుక తగిలించుకొని కుటుంబసమేతముగా దేశాటనము చేయుటకు వీలైన చక్రములపై చిన్నయిండ్లు విరివిగా తయారయ్యెను. వీనిని అచ్చట ట్రావెల్ ట్రైలరులందురు. 1941లో కాలిఫోర్నియాలో సైనికుల వసతికై ఆరంభమై, పిదప విహారయాత్రికులకై పనిచేసిన షాస్టా సంస్థవారి బండ్లను, వెనుకభాగమునందలి రెండు రెక్కలను బట్టి నేటికిని గుర్తింతురు. వెలుపల మెఱయు అల్యూమినియము రేకును చూచి యివి లోహనిర్మితములని భ్రమపడుట సహజమే కాని, వాని యాయువును నిర్ణయించునది లోపలి కఱ్ఱయే.

ఇంటికి ముందు చట్రము లేచును, పిదప లోపలి పలకలు అమరును. ఈ బండ్ల క్రమము దానికి విలోమము. ఇనుప చట్రముపై ప్లైవుడ్ నేల పఱచి, ఇంచుమించు 3 మిల్లీమీటర్ల మందము గల బర్చి ప్లైవుడ్ పలకలను లోపలిగోడలుగా ముందు తీర్చి, వాని వీపున సుమారు 1 అంగుళము మందము, 2 అంగుళముల వెడల్పు గల మెత్తని జాతి కఱ్ఱపట్టీలను బిగించి, విద్యుత్తు తీగలను, ఉష్ణనిరోధకమైన పీచును వాని నడుమ ఇమిడ్చి, మిల్లీమీటరు మందమైనను లేని అల్యూమినియము రేకును కట్టకడపట తొడుగుదురు. కావున చివికిన పలకను లోపలనుండి పెఱికి క్రొత్తది అతికించుట వలన మరక మఱుగుపడునే గాని, దాని వెనుకనున్న పట్టీకి చికిత్స జరుగదు. చివర తొడిగిన రేకును మొదట విప్పుటయే సరియైన మార్గము.

ఇంతకును నీరు లోనికి ఎట్లు వచ్చును? కప్పురేకు ప్రక్కగోడ రేకుతో కలియు అంచు పొడవునను ఒక లోహపుపట్టీని మరమేకులతో బిగించి, సందులను లప్పముతో మూయుదురు. ఎండ తగిలిన 4 మీటర్ల అల్యూమినియము రేకు 40 డిగ్రీల ఉష్ణోగ్రతాభేదమునకు ఇంచుమించు మూడున్నర మిల్లీమీటర్లు సాగును; దాని క్రిందనున్న కఱ్ఱ తన నార వెంబడి అందులో నాలుగవ వంతైనను సాగదు. పగలు సాగి రాత్రి ముడుచుకొను ఈ వ్యాపారము ఏండ్ల తరబడి జరుగగా, పెళుసెక్కిన లప్పము పగులును, మరమేకుల రంధ్రములు వదులగును, ప్రతి రంధ్రమును వర్షజలమునకు ద్వారమగును. ఇదిగాక, చలిరాత్రులందు నిద్రించువారి యూపిరియందలి తేమయు, గ్యాసుపొయ్యి నుండి వెడలు నీటియావిరియు రేకు లోపలితట్టున బిందువులై, వాన లేకయే కఱ్ఱను తడుపును.

నిజమునకు కఱ్ఱ నీటివలన కుళ్ళదు. నీటి నాశ్రయించి బ్రతుకు శిలీంధ్రముల వలన కుళ్ళును. కఱ్ఱ కణముల గోడలు తడిని పీల్చగలిగినంత పీల్చి నిండుటకు, పొడికఱ్ఱ బరువులో నూటికి 28 నుండి 30 వంతుల తేమ పట్టును. అంతకు మించి కణముల బోలులో నీరు నిలిచినపుడు శిలీంధ్రములు విజృంభించును. తేమ నూటికి 20 వంతులకు లోబడియున్నంతకాలము వానికి పెరుగుదల లేదు. మెత్తని జాతి కఱ్ఱకు ప్రధానశత్రువులు గోధుమవన్నె కుళ్ళును కలిగించునవి. కఱ్ఱలో సెల్యులోజు, హెమిసెల్యులోజు అను దీర్ఘశృంఖలములును, వానిని పట్టియుంచు లిగ్నిన్ అను పదార్థమును కలవు. శిలీంధ్రముల ఎంజైములు పెద్ద అణువులగుటచే చెడని కణకుడ్యములోనికి దూరజాలవు. కావున ఈ జాతి శిలీంధ్రములు హైడ్రోజన్ పెరాక్సైడును ఇనుముతో సంయోగపఱచి, మిక్కిలి తీక్ష్ణమైన హైడ్రాక్సిల్ రాడికలులను పుట్టించి, వానిచే సెల్యులోజు శృంఖలములను ముందుగా తునుకలు చేయించి, పిదప ఆరగించును. శృంఖలములు తెగుటతోడనే బలము నశించుట వలన, కఱ్ఱ బరువులో నూటికి 10 వంతులు తఱుగక మునుపే దాని దార్ఢ్యము సగమునకు పైగా పోవచ్చును. మిగిలిన లిగ్నిన్ అడ్డముగను నిలువుగను బీటలువారి, చిన్న ఘనములుగా విడి, వ్రేళ్ళనడుమ నలిపిన పొడియగును. కొంచెము మాసినట్లు మాత్రమే కనబడు పట్టీ అప్పటికే బరువు మోయలేనిదై యుండవచ్చునను సంగతి, ఈ పనికి పూనుకొనువారు ఎంతమాత్రము మఱువరానిది.

అందుచే కంటిని గాక స్క్రూడ్రైవరు మొనను నమ్మవలయును. గట్టికఱ్ఱలో మొన గ్రుచ్చి పైకి లేపినచో పొడవైన పేడు లేచును. చివికినదానిలో మొన సులువుగా దిగి, కఱ్ఱ పొట్టిముక్కగా పుటుక్కున విరుగును. పరీక్షించిన పిదప పట్టీల నన్నిటిని ఒక్కసారి విప్పుట అవివేకము, ఏలన ఆ వంపుగోడ ఆకారమును నిలుపుచున్నవి అవియే. ఒకదానిని తీసి, దాని కొలతకు క్రొత్తది అమర్చిన తరువాతనే రెండవదానిపై చేయి వేయవలయును. కుళ్ళిన పలకలను సైతము పారవేయక నేలపై కూర్చుకొనినచో, క్రొత్త పలకలకు వాని కంటె మంచి నమూనా దొరకదు. కుళ్ళు కనబడు హద్దును దాటి కొంత గట్టికఱ్ఱను కూడ కోసి, మిగిలినదానికి బోరాక్సు ద్రావణము పట్టించుట మేలు. బోరాను లవణములు తడికఱ్ఱలోనికి వ్యాపించి శిలీంధ్రములను చంపును. రాగిలవణములతో శుద్ధిచేసిన కఱ్ఱ చివుకనిదని ఎంచి దానిని వాడినచో, ఆ రాగి తేమ తగిలినపుడు అల్యూమినియము రేకునే తినివేయును.

లోపలి పలకల తేనెవన్నె షెల్లాక్ పూత వలన కలిగినది. అది మన ఛోటానాగపురపు అడవులలో మోదుగ, రేగు చెట్ల కొమ్మలపై పెరుగు లక్కపురుగుల సొమ్ము. షెల్లాక్ స్పిరిటులో కరగుటచే, ప్రాతపూతపై క్రొత్తపూత అతుకు తెలియకుండ కలిసిపోవును. పెక్కు వార్నిషుల కీ గుణము లేదు.

అంచులకు సిలికోన్ పూయువారు కలరు కాని, దాని శేషముపై మఱి యేదియు సరిగా అంటదు. ఏండ్ల తరబడి మెత్తదనము చెడని బ్యూటైల్ పట్టీయే ఇచ్చట ఉత్తమము. ఇట్టి బండి గలవారు ఏటికొకసారి వానలకు ముందు కప్పు అంచులను, కిటికీల చుట్టును తడిమి చూచుకొనుడు. పగిలిన చోట పట్టీ మార్చుట ఒక పూట పని. దానిని వాయిదా వేసినచో గోడయంతయు విప్పవలసివచ్చును.