నిలబడి నీళ్లు తాగితే ఎవరు చూస్తారు?

మా నాయనమ్మకు టీవీలో గిట్టని మనిషి ఒక్కడే. సీరియల్ విలన్ కాదు, బేర్ గ్రిల్స్. డిస్కవరీలో తెలుగు డబ్బింగ్‌తో 'మ్యాన్ వర్సెస్ వైల్డ్' వచ్చే రోజుల్లో సరిగ్గా భోజనాల వేళకు మేమంతా టీవీ ముందు చేరేవాళ్లం. అతను కుళ్లిన మొద్దు పగలగొట్టి, అందులోంచి బొటనవేలంత పురుగును తీసి, తల కొరికి పక్కన ఉమ్మేసి, మిగతాది నమిలేవాడు. నాయనమ్మ కంచం పక్కకు జరిపేసేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"ఏరా, ఆ ఫొటోలు తీసేవాడు అన్నం తెచ్చుకోడా? వాడి క్యారేజీలోంచి ఇంత ఈ పిల్లాడికి పెట్టొచ్చుగా!"

పడీ పడీ నవ్వాం. 2007లో లండన్ పత్రికల్లో నడిచిన రభస అంతా ఈ ఒక్క ప్రశ్న గురించేనని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

తెప్ప, గుర్రాలు, ఒక గది

2006లో మొదలైన ఆ షో బ్రిటన్‌లో చానల్ 4లో 'బార్న్ సర్వైవర్' పేరుతో వచ్చేది. దానికి సలహాదారుగా పనిచేసిన సర్వైవల్ నిపుణుడొకరు 2007 జులైలో 'సండే టైమ్స్' పత్రికకు లోగుట్టు చెప్పేశారు. ఆయన చెప్పిన ప్రకారం, నరసంచారం లేని దీవిలో చిక్కుకుపోయినట్టు చూపించిన హీరో ఆ రాత్రుళ్లు హవాయిలో మోటల్ గదిలో పడుకున్నాడు. అతను తన చేత్తో కట్టినట్టు కనిపించిన తెప్పను యూనిట్ వాళ్లే ముందు కట్టి, మళ్లీ విప్పి, ముక్కలుగా అతని ముందు పెట్టారు. కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా కొండల్లో అతను పట్టబోయిన 'అడవి గుర్రాలు' అద్దెకు తోలుకొచ్చినవి.

గొడవ పెద్దదైంది. ఇది డాక్యుమెంటరీ కాదు, ఆపదలో ఏం చేయాలో నేర్పే కార్యక్రమం మాత్రమేనని చానల్ 4 వాదించింది. డిస్కవరీ పాత ఎపిసోడ్లకు మళ్లీ కత్తెర పట్టింది. అప్పటి నుంచే షో మొదట్లో ఆ అక్షరాలు పడటం మొదలైంది: ప్రాణాపాయం ఉన్నప్పుడు యూనిట్ సాయం ఉంటుంది, కొన్ని సందర్భాలు మెలకువలు చూపించడానికి కల్పించినవి అని. సిగరెట్ పెట్టె మీద హెచ్చరికలాగే దాన్నీ ఎవరూ చదవలేదు.

గదిలో పడుకున్నందుకు నాకైతే గ్రిల్స్ మీద కోపం లేదు. మనిషి పిరికివాడు కాదు. 1996లో ఆఫ్రికాలో పారాచూట్ సరిగా తెరుచుకోక కిందపడి వెన్నెముక విరగ్గొట్టుకున్నాడు, రెండేళ్లు తిరక్కుండానే 23 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కాడు. రాత్రి దుప్పటి కప్పుకుని పడుకుంటేనే కదా మర్నాడు జలపాతంలోకి దూకగలిగేది. నా పేచీ ఆ దూకడంతోనే.

అసలు అబద్ధం ఎక్కడుంది?

అడవిలో దారి తప్పినవాడికి ఎక్కడైనా చెప్పే మాట ఒకటే. ఆగు. కూర్చో. ఆలోచించు. చుట్టూ చూడు. ఆ తర్వాతే అడుగు వెయ్యి. స్కౌట్ పిల్లలకు నేర్పే పాఠమూ ఇదే. 2009లో బ్రిటన్ స్కౌట్లందరికీ పెద్దగా, చీఫ్ స్కౌట్‌గా నియమితుడైంది ఎవరనుకుంటున్నారు? మన గ్రిల్సే. పిల్లలకు 'ఆగు' అని నేర్పే సంస్థకు 2024 దాకా పెద్దన్నగా ఉన్నవాడు, టీవీలో మాత్రం ఒక్క నిమిషం ఆగడు. వాగు కనిపిస్తే ఈదుతాడు, లోయ కనిపిస్తే తీగ పట్టుకుని జారతాడు.

ఇంట్లో ఉన్నప్పుడు మడమ బెణికితే వారం రోజులు ఉప్పు కాపడం పెట్టుకుంటే సరిపోతుంది. మనిషన్నవాడు లేనిచోట అదే బెణుకు ప్రాణం మీదకు తెస్తుంది. నీళ్ల దగ్గరకు నడవలేం, కట్టెలు ఏరుకోలేం, వెతికేవాళ్లకు కనిపించే చోటికి చేరలేం. దానికి తోడు ఒంట్లో ఉన్న శక్తి చేతిలో మిగిలిన చివరి నోటు లాంటిది, దేనికి ఖర్చుపెడతామన్నదే లెక్క. తిండి లేకుండా మనిషి వారాల తరబడి బతుకుతాడు. నీళ్లు లేకుండా మూడు రోజులు కష్టం. చలిలో తడిబట్టలతో ఉంటే కొన్ని గంటలే. కాబట్టి పురుగులు తినడం ఈ వరుసలో ఆఖరున వచ్చే పని. షోలో అదే మొదట వస్తుంది. చూసేవాడు కంచం పక్కకు జరిపేది దానికే మరి.

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని మనవాళ్లు ఊరికే అనలేదు. కానీ నిలబడి నీళ్లు తాగేవాణ్ని నలభై నిమిషాలు ఎవరు చూస్తారు? అందుకే ఏనుగు పేడ పిండుకుని తాగడం, మూత్రం తాగడం, సహారాలో ఒంటె కళేబరం చీల్చి లోపల దూరి పడుకోవడం. మూత్రం తాగొద్దని అమెరికా సైన్యం అచ్చేసిన సర్వైవల్ పుస్తకంలోనే సముద్రపు నీటి పక్కన కలిపి రాశారు. అందులో ఉండే ఉప్పు ఒంట్లో ఉన్న నీటిని కూడా లాగేస్తుంది. పేడ నీళ్లకు విరేచనాలు పట్టుకుంటే ఇక చెప్పక్కర్లేదు. గదిలో పడుకోవడం చిన్న అబద్ధం. ఆపదలో ఉన్నవాడు ఉరకాలి, దూకాలి, ఏది దొరికితే అది మింగాలి అని నూరిపోయడం పెద్ద అబద్ధం. మొదటిది పత్రికలకెక్కింది, రెండోదాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

వెనక్కొచ్చి కెమెరా తీసుకున్నవాడు

కెనడాలో లెస్ స్ట్రౌడ్ అని ఒకాయన ఉన్నాడు. 'సర్వైవర్‌మ్యాన్' పేరుతో 2004 నుంచి షో చేశాడు. పద్ధతి చాలా సాదా. ఏడు రోజులు, ఒక్కడే, వెంట కెమెరామేన్ లేడు. ఆపద వస్తే పిలవడానికి శాటిలైట్ ఫోన్, ఎక్కడో దూరంగా సాయానికి మనుషులు. ఇరవై కిలోలకు పైబడిన కెమెరాల సామాను మొత్తం తనే మోసుకోవాలి.

ఆయన షోలో నాకు బాగా గుర్తుండిపోయేది ఒక మామూలు షాట్. మంచు మైదానం. స్ట్రౌడ్ కెమెరాకు వీపు చూపిస్తూ నడుచుకుంటూ పోతాడు. చిన్నవాడై, చుక్కై, దూరంగా ఆగిపోతాడు. ఆ తర్వాత జరిగేది కొన్ని ఎపిసోడ్లలో ఆయనే చూపించాడు. ఆ చుక్క వెనక్కి తిరుగుతుంది. మోకాలి లోతు మంచులో కాళ్లు ఈడ్చుకుంటూ మళ్లీ మొదటికొస్తుంది. గసపోసుకుంటూ ట్రైపాడ్ మడిచి భుజాన వేసుకుని, ఇప్పుడే తొక్కిన తన అడుగుల్లోనే మూడోసారి బయల్దేరుతుంది. అరనిమిషం షాట్ కోసం ఒకే దారిలో మూడు నడకలు, అదీ కడుపు మాడుతుండగా. అంటే నిజాయతీగా తీసిన ఆ షోలోనూ మనిషికి అసలు బరువు కెమెరానే. కెమెరా లేకపోతే స్ట్రౌడ్ హాయిగా మంట పక్కన కూర్చునేవాడు.

ఆయన ఎపిసోడ్లలో చెప్పుకోదగ్గ సంఘటనలు తక్కువ. మంట అంటుకోదు. వల ఖాళీగా వస్తుంది. చీకటి పడ్డాక మౌతార్గాన్ వాయించుకుంటాడు. గ్రిల్స్‌కు అలవాటుపడ్డవాళ్లకు పదినిమిషాల్లో ఆవలింత వస్తుంది. నాకు మాత్రం అవే ఇష్టం. మా ఇంట్లో మెజారిటీ ఎప్పుడూ గ్రిల్స్ పక్షానిదే.

ఆకలి కూడా వినోదమే

ఈ రెండు దారులనూ కలిపింది 2015లో హిస్టరీ చానల్ మొదలుపెట్టిన 'అలోన్'. పదిమందిని వేర్వేరు చోట్ల వదిలేస్తారు. తలా పది వస్తువులు, తమను తామే తీసుకోవడానికి కెమెరాలు. చివరిదాకా మిగిలినవారికి అయిదు లక్షల డాలర్లు. ఇక్కడ దూకుళ్లు లేవు, ఎందుకంటే దూకినవాడు ఓడిపోతాడు. కదలకుండా పడుకోవడమే గెలుపు సూత్రం. అలాంటిదాన్ని చూసేలా ఎలా తీశారు? మనిషి చిక్కిపోవడమే కథ చేశారు.

ఆరో సీజన్‌లో గ్రేట్ స్లేవ్ సరస్సు ఒడ్డున ఒకతను బాణంతో మూస్‌ను కొట్టాడు. మూస్ అంటే గుర్రమంత దుప్పి. వందల కిలోల మాంసం, ఇక అతనికి తిరుగులేదనుకున్నాం. కానీ కొవ్వు లేని మాంసం ఎంత తిన్నా ఒంటికి పట్టదు. కుందేళ్లు మాత్రమే తిని బతకబోయినవాళ్లు కడుపు నిండా తింటూనే చిక్కి చనిపోతారని ఉత్తర దేశాల్లో వేటగాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. మూస్ దగ్గర దొరికిన కాస్త కొవ్వునూ వుల్వరీన్ అనే దొంగ జంతువు ఎత్తుకుపోయింది. చేపలతో ఆ లోటు పూడ్చుకుని అతను 77 రోజులు నిలబడి గెలిచాడు. అడవిలో తిండి లెక్క ఎంత మెలికలదో నాకు ఏ పాఠ్యపుస్తకమూ ఇంత బాగా చెప్పలేదు.

అయితే అదే షోలో మూడో సీజన్ కూడా ఉంది. పటగోనియాలో 86వ రోజున ఒకామెను డాక్టర్లు తూచి, బరువు ప్రమాదకరంగా పడిపోయిందని తీసుకెళ్లిపోయారు. 87వ రోజున మిగిలినవాడు విజేత. అవి ఆకలి రోజులని తెలిసీ, ఇంకెంత చిక్కుతారో చూద్దామని నేనూ రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నాను, చేతిలో జంతికల పళ్లెంతో. మొదటి సీజన్‌లో ఒకాయన ఎలుగుబంట్ల అలికిడి విని మొదటి రాత్రే ఫోన్ చేసి వెళ్లిపోతే నవ్వుకున్నాం. సర్వైవల్ అంటే ప్రాణాలతో ఇంటికి చేరడమే అయితే, పదిమందిలో ఆ పని అందరికంటే ముందు చేసింది ఆయనే.

ప్రమాదం ఎటు నుంచి వస్తుందో ఈ షోలు సరిగా ఊహించిన దాఖలా కూడా తక్కువే. ఫ్రాన్స్‌లో టీఎఫ్1 చానల్ క్రీడాకారులతో 'డ్రాప్డ్' అనే షో తలపెట్టింది. కళ్లకు గంతలు కట్టి అడవిలో దింపితే దారి వెతుక్కుంటూ రావాలి. 2015 మార్చి 9న అర్జెంటీనాలో షూటింగ్ జరుగుతుండగా రెండు హెలికాప్టర్లు గాల్లో ఢీకొన్నాయి. పదిమంది చనిపోయారు. ఒలింపిక్ స్వర్ణం గెలిచిన ఈతగత్తె కామీ ముఫా, ఒంటరిగా సముద్రాలు దాటిన ఫ్లోరెన్స్ ఆర్తో, బాక్సర్ అలెక్సి వాస్తీన్ అందులో ఉన్నారు. పాము కాదు, పులి కాదు, ఆకలి కాదు. షూటింగే.

చెవిలో యంత్రం, చేతిలో తాడు

మన దేశానికి వచ్చేసరికి ఈ సర్వైవల్ షో పూర్తిగా అతిథుల కార్యక్రమమైంది. 2019 ఆగస్టు 12న ప్రధాని మోదీ జిమ్ కార్బెట్ అడవుల్లో గ్రిల్స్‌తో కనిపించారు. ఈయన హిందీలో, ఆయన ఇంగ్లిష్‌లో, ఎక్కడా తడబాటు లేని సంభాషణ. జనానికి వెంటనే సందేహం వచ్చింది. ఆ నెలాఖరు 'మన్ కీ బాత్'లో ప్రధానే విప్పి చెప్పారు, గ్రిల్స్ చెవికి చిన్న యంత్రం ఉందని, హిందీ మాటలు అప్పటికప్పుడు అందులో ఇంగ్లిష్‌లో వినిపించాయని. మా నాయనమ్మ లాంటివాళ్లు దేశమంతా ఉన్నారన్నమాట! తర్వాత బందీపూర్‌లో రజనీకాంత్. 2020 మార్చి 23న, జనతా కర్ఫ్యూ మర్నాడు ప్రసారమైంది. అది సినిమా లాగే ఉంది, సినిమా లాగే చూశాం. రజనీ ప్రాణాలకు ఏమవుతుందోనని ఎవరూ బెంగపడలేదు. ఇలాంటివాటి మీద నాకు ఫిర్యాదు లేదు. పాఠం చెబుతున్నామన్న నటన వాటిలో తక్కువ.

నిజంగా అడవిలో బతికేవాళ్లు ఇలాంటి షోల్లో కనిపించేది అరుదు. నల్లమలలో చెంచులు కొండచరియకు పట్టిన తేనె కోసం తాడు మీద వేలాడుతూ దిగుతారు. పైన ఆ తాడు పట్టుకునేది బావమరిది అని చెప్పుకుంటారు. తోబుట్టువు పసుపుకుంకాలు చేతిలో ఉన్నవాడు తాడు వదలడు కదా. చూడటానికి గ్రిల్స్ విన్యాసం కంటే తక్కువదేం కాదు. తేడా అంతా పైనున్న మనిషిలోనే ఉంది. ఇక్కడ ఆ మనిషిని దాచరు, ఏరి మరీ పెట్టుకుంటారు.

2023 మే 1న కొలంబియాలో అమెజాన్ అడవి మీద చిన్న విమానం కూలింది. పెద్దవాళ్లు ముగ్గురూ పోయారు, పిల్లల తల్లితో సహా. మిగిలింది హుయిటోటో తెగ పిల్లలు నలుగురు. పెద్దమ్మాయికి 13 ఏళ్లు, చిన్నదానికి 11 నెలలు. విమానంలో దొరికిన కర్రపెండలం పిండి ఉన్నన్నాళ్లు అది తిన్నారు, అయిపోయాక గింజలు, కాయలు. ఏవి తినొచ్చో ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర నేర్చుకున్నవే. సైన్యం, ఆదివాసీలు కలిసి గాలించారు. పిల్లలు ఒకచోట ఉండకుండా కదులుతుండటంతో అడుగుజాడలు దొరికేవి, పిల్లలు దొరికేవాళ్లు కాదు. చివరికి హెలికాప్టర్‌కు స్పీకర్లు కట్టి, వాళ్ల అమ్మమ్మ గొంతు రికార్డు చేసి, వాళ్ల భాషలోనే అడవంతా వినిపించారు. మీకోసం వెతుకుతున్నారు, ఉన్నచోటే ఉండండి అని.

40 రోజులకు, జూన్ 9న దొరికారు, నలుగురూ ప్రాణాలతో. విమానం కూలిన చోటుకు అయిదు కిలోమీటర్ల దూరంలో.