ఆగడం వస్తేనే స్కేటింగ్ వచ్చినట్టు

శంషాబాద్ దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీద కొత్తూరు వైపు వెళ్తుంటే రెండు పక్కలా వెంచర్లు కనిపిస్తాయి. ఇళ్లింకా లేవకముందే లోపలి రోడ్లు పడిపోతాయి. పిల్లలకు ఇన్‌లైన్ స్కేట్లు కట్టి వదలడానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదనిపిస్తుంది. అయితే వదిలే ముందు ఒక లెక్క చూసుకోవాలి. ఆగడానికి వాళ్లకు ఎంత దూరం కావాలి?

ఎంత వేగానికి ఎంత దూరం?

ఎదురుగా బైకు కనిపించాక బ్రేకు వేసేలోపు ఒక సెకను గడుస్తుందనుకుందాం. ఆ తర్వాత మడమ బ్రేకు ప్రతి సెకనుకూ వేగాన్ని సెకనుకు 1.5 మీటర్ల చొప్పున తగ్గిస్తుందని అంచనా వేసుకుందాం. చదునైన రోడ్డు మీద లెక్క ఇలా తేలుతుంది:

• గంటకు 10 కి.మీ. వేగంలో: 5.3 మీటర్లు
• 15 కి.మీ. వేగంలో: 10 మీటర్లు
• 20 కి.మీ. వేగంలో: 15.8 మీటర్లు
• 30 కి.మీ. వేగంలో: 31.5 మీటర్లు

బ్రేకు పడ్డాక జారే దూరాన్నే చూస్తే 15 కి.మీ. దగ్గర 5.8 మీటర్లు, 30 కి.మీ. దగ్గర 23.1 మీటర్లు. వేగం రెట్టింపైతే ఆ దూరం నాలుగు రెట్లవుతుంది. లేఅవుట్‌లో 40 అడుగుల రోడ్డు వెడల్పు 12 మీటర్లే. 20 కి.మీ. వేగంతో వచ్చే పిల్లాడు మలుపు దగ్గరికొచ్చాక బ్రేకు వేద్దామనుకుంటే, రోడ్డు అవతలి అంచు దాటినా ఆగలేడు.

వాలుంటే మరీ కష్టం. 100 మీటర్లకు 5 మీటర్లు దిగే వాలులో, 15 కి.మీ. వేగం దగ్గర బ్రేకు దూరం 5.8 నుంచి 8.6 మీటర్లకు పెరుగుతుంది. రాపిడిని పక్కన పెడితే, ఒక్క అడుగూ నెట్టకుండానే 20 మీటర్లు జారేసరికి వేగం 16 కి.మీ. అవుతుంది.

బ్రేకు ఎలా వేయాలి?

సాధారణంగా కుడి స్కేటు మడమ వెనక రబ్బరు బ్రేకు ఉంటుంది. మోకాళ్లు బాగా వంచాలి. బ్రేకున్న కాలిని ముందుకు జరపాలి. ఆ కాలి మునివేళ్లు పైకెత్తితే రబ్బరు నేలకు తగులుతుంది. అప్పుడు కుర్చీలో కూర్చోబోతున్నట్టు నడుము దించుతూ మడమ మీద బరువు మెల్లగా పెంచాలి. చూపు పాదాల మీద కాదు, ముందున్న దారి మీద ఉండాలి. ఇసుక, తడి ఉన్నచోట పట్టు తగ్గుతుంది. ఇళ్లు కడుతున్న వెంచర్లలో ఇసుకకు కొదవుండదు కాబట్టి ముందే ఊడ్పించండి. ఒంటికాలి మీద నిలదొక్కుకోవడం వచ్చాకే, వెనక కాలిని అడ్డంగా ఈడ్చి ఆపే టీ-స్టాప్ జోలికి వెళ్లాలి.

పోటీ వేరు, వీధి వేరు

స్కేటింగ్ హైదరాబాద్‌కు కొత్త కాదు. మన అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు గెలిచి, 2015లో అర్జున అవార్డు అందుకున్నారు. 2025లో చెన్నైకి చెందిన ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ 1,000 మీటర్లను 1 నిమిషం 24.924 సెకన్లలో ముగించి ప్రపంచ విజేత అయ్యారు. సగటున గంటకు 42 కి.మీ. వేగమది! రేసు స్కేట్లకు మడమ బ్రేకు ఉండదు. వాటిని చూసి ముచ్చటపడి, నేర్చుకునే పిల్లలకు బ్రేకు లేనివి కొనకండి.

మణికట్టే ముందు

అమెరికాలో గాయపడిన 161 మంది ఇన్‌లైన్ స్కేటర్ల మీద జరిగిన అధ్యయనం 1996లో వెలువడింది. గాయాల్లో 32 శాతం మణికట్టుకే. రిస్ట్ గార్డు లేనివారికి మణికట్టు గాయమయ్యే అవకాశం 10 రెట్లు ఎక్కువని అందులో తేలింది. హెల్మెట్‌తో పాటు రిస్ట్ గార్డులూ తప్పనిసరి.

ఈ ఆదివారం చదునైన రోడ్డు మీద చాక్‌పీసుతో గీత గీయండి. గీత తాకగానే బ్రేకు వేయమని చెప్పి, ఎంత దూరంలో ఆగారో టేపుతో కొలవండి. 10 మీటర్లు రెండున్నర సెకన్లలో దాటుతున్నారంటే వేగం 14 కి.మీ. పైనే. ఆ వేగంలో ప్రతిసారీ 6 మీటర్లలోపు ఆగగలిగే వరకు పిల్లల్ని వాలు రోడ్డు మీదికి పంపకండి.